గట్టు దిగే ముందు

దుర్గ చెప్పులు గట్టు మీదే ఉండిపోయాయి.

దుర్గని ఎక్కించుకున్న ఆటో కాలవ మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూలి ముఠాలోని ఆడవాళ్లు ఎవరి చెప్పుల్లో వాళ్లు కాళ్లు దూర్చుకున్నారు. నీలం పట్టీల హవాయి జత ఒక్కటి మిగిలింది. మడమల దగ్గర అరిగిపోయి, చేను వైపు తిరిగి ఉంది. సుమలత వంగి వాటిని తీసి, చీర చెంగుతో తుడిచి, అన్నం క్యారేజీ ఉన్న సంచిలోనే పెట్టుకుంది. ఇంకో రోజయితే అన్నం పక్కన చెప్పులేంటని భాగ్యమ్మ నాలుగూళ్లకి వినపడేలా కేకలేసేది. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు.

తుఫాను దాటి వారమైంది. మల్లికార్జునరావు పొలంలో కంకి బరువెక్కిన వరి మొత్తం ఒక పక్కకి పడుకుండిపోయింది. పడిన దుబ్బుల్ని నాలుగేసి చేర్చి, వాటి ఆకులతోనే ముడేసి నిలబెడితే గింజ నీళ్లలో మొలకెత్తకుండా కొంతయినా దక్కుతుంది. ఆ పని మీదే వచ్చారు. వంగి, దుబ్బు కిందకి చెయ్యి పోనిచ్చి, లేపి, ముడెయ్యాలి. కాలు ఎక్కడ పడుతోందో కంటికి తెలియదు. కంకుల కింద నీళ్లు, నీళ్ల కింద బురద. ఆ కంకుల కోసం ఎలకలు, ఎలకల కోసం పాములు. దివిసీమలో ఇది ఎవరూ ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. ఏటా ఈ రోజుల్లో ఎవరో ఒకరిని అవనిగడ్డ ఆసుపత్రికి పట్టుకుపోతూనే ఉంటారు. ఈసారి దుర్గ.

"ముల్లు గుచ్చుకుందక్కా" అంది ముందు. ఆ తర్వాతే భాగ్యమ్మ దుబ్బుల్లోంచి జారిపోతున్న రక్తపింజరిని చూసింది.

సుమలత ఆ ముఠాకి మేస్త్రి. రైతుతో పని మాట్లాడేది, తెల్లారకుండానే తలుపులు తట్టి అందర్నీ లేపేది, సాయంత్రం కూలి పంచేది ఆమే. ఆ పొద్దున దుర్గ తలుపు తట్టిందీ ఆమే. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ చప్పుడే చెవుల్లో వినపడింది.

మర్నాడు ఆసుపత్రిలో సుమలత దుర్గ కాలు చూసింది. మోకాలి దాకా వాచి, చర్మం నిగనిగలాడుతోంది. వేళ్లు ఎవరివో అన్నట్టున్నాయి. మందు వేళకి పడింది కాబట్టి ప్రాణానికి ఫర్వాలేదని, కాలు సంగతి మాత్రం ఇంకా చూడాలని డాక్టరు చెప్పాడు. సెలైను మారుస్తున్న నర్సు ఊరుకోలేక అంది:

"రబ్బరు బూట్లు వేసుకుని ఉంటే కోర రబ్బరులోనే ఆగేది కదమ్మా. మీరెవరూ వేసుకోరేం?"

చేలోకి చెప్పులతో దిగకూడదు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. సుమలత ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి, భూదేవికి దణ్ణం పెట్టదు. అయినా చెప్పుకాలు చేలో పెట్టడమంటే అన్నం కంచంలో పెట్టినట్టే ఆమెకీ అనిపిస్తుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గట్టు మీద చెప్పుల వరస చూస్తూ పెరిగిన కళ్లకి ఇంకోలా అనిపించడం కష్టం.

"అక్కా" అంది దుర్గ, గోడ వైపు తిరిగి పడుకునే. "నేనింక చేలో దిగను. ఎవరింట్లోనైనా అంట్లు తోముకుంటా. నన్ను పిలవకు."

సుమలత ఆమె తల నిమిరి లేచింది.

సాయంత్రం ఆమె వెళ్లేసరికి మల్లికార్జునరావు అరుగు మీద ఫోనులో ఎవరినో బతిమాలుతున్నాడు. కోత మిషను కోసం. అవతలివాడు వారం దాకా కుదరదంటున్నట్టుంది. ఫోను పెట్టేసి, "ఎట్టా ఉంది దుర్గకి?" అని అడిగాడు.

"ప్రాణం దక్కిందండి. కాలు సంగతి ఇంకా చెప్పలేమంటున్నారండి."

"పోన్లే, గండం గడిచింది. ఆటో డబ్బులు నేనిచ్చేశాలే. చూడమ్మాయ్, ఇంక నిలబెట్టడాలు లేవు, ఎల్లుండి కోతే. ఇంకా ఆగితే ఇంటికొచ్చేది ధాన్యం కాదు, మొలకలు."

"దిగుతామండి. మాకు బూట్లు కావాలండి."

"ఏంటీ?"

"రబ్బరు బూట్లండి. మోకాళ్ల దాకా వస్తాయే, అవి."

"ఎవరు కొంటారు?"

"మీరే కొనాలండి."

మల్లికార్జునరావు చెడ్డవాడని ఆ ఊళ్లో ఎవరూ అనరు. ఎండ ఎక్కువైతే కుండతో మజ్జిగ పంపిస్తాడు. వాన పడితే పని సగంలో ఆగినా కూలి ఎగ్గొట్టడు. అయితే ఆయన మంచితనం గట్టు దాకానే వచ్చి ఆగుతుంది. చేలో దిగిన తర్వాత ఎవరి కాళ్లు వాళ్లవి.

"కొడవళ్లు నేను కొంటున్నానా? ఎవరిది వాళ్లు తెచ్చుకోవట్లేదూ? ఇదీ అంతే."

"కొడవలి విరిగితే ఇంకోటి కొనుక్కుంటామండి. దుర్గ కాలు ఏ కొట్లో దొరుకుద్దండి?"

ఆయన ముఖం ఎర్రబడింది. "మా తాతలనాటి నుంచి ఆ చేలో చెప్పుకాలు పెట్టినవాడు లేడు. నేనూ పెట్టలేదు. మునిగిపోయి, పెట్టుబడన్నా వస్తే చాలని నేనేడుస్తుంటే బూట్లంట బూట్లు! చేతకాకపోతే చెప్పు. గుడివాడ అవతల ముఠాలు ఖాళీగా ఉన్నాయి. ఫోను కొడితే లారీ ఎక్కొస్తారు."

తుఫాను వల్ల ఊళ్లో సగం పొలాలు నీళ్లలోనే ఉన్నాయి. ఈ కోత పోతే ముఠాకి సంక్రాంతి దాకా పని లేదు. సుమలత వస్తానండీ అని కూడా అనకుండా వచ్చేసింది.

ఆ మర్నాడు పొద్దున్నే ఆమె బందరు బస్సెక్కింది. ఎందుకెక్కిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఆ బూట్లు ఎలా ఉంటాయో ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలనిపించింది, అంతే. కోనేరు సెంటరు దాటాక వలలు, తాళ్లు, రెయిన్ కోట్లు అమ్మే ఇబ్రహీం కొట్టులో నల్ల బూట్లు దండల్లా వేలాడుతున్నాయి.

"ఎవరికమ్మా? చెరువుల మీద పనికా?" అన్నాడు ఇబ్రహీం.

"వరి కోతకి భాయ్. ఆడవాళ్లకి."

ఆయన చేస్తున్న పని ఆపి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఇన్నేళ్లలో వరి కోతకని అడిగినవాళ్లు లేరు. ఇవన్నీ బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల వాళ్లు పట్టుకెళ్తారు. డజన్ల లెక్కన."

"కూలోళ్లకి వాళ్లే కొనిస్తారా భాయ్?"

"కొనివ్వక? ఒక చెరువులో తొక్కిన కాలితో ఇంకో చెరువులో దిగితే రొయ్యకి రోగం అంటుకోదూ?"

సుమలత బూటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. రొయ్యకి రోగం రాకుండా కూలివాడికి బూట్లు! నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. రొయ్య మీదయితే కాదు.

"ఇంకా చిన్నవి లేవా భాయ్?"

"ఇదే చిన్నది, ఏడో నంబరు. మగాళ్లవే తెప్పిస్తాను నేను. ఆడవాళ్ల నంబర్లు కావాలంటే విజయవాడలో ఉంటాయి, పొద్దున చెప్తే సాయంత్రానికి పార్సిలు దిగుద్ది. మీవాళ్ల నంబర్లెంత?"

నంబర్లు! ముఠాలో ఎవరి కాలికీ నంబరు లేదు. సంతలో చెప్పుల గుట్ట ముందు నిలబడి, కాలు పెట్టి చూసి, పడితే కొనుక్కోవడమే. చివరికి సుమలత ఆ ఏడో నంబరే ఒక జత తన డబ్బుతో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చింది. పక్క సీటావిడ వాటి వంక పసిపిల్లను చూసినట్టు చూసింది.

ఆ సాయంత్రం బూట్ల పరీక్ష కాలవ ఒడ్డున జరిగింది. ముందు భాగ్యమ్మకే తొడిగారు. ముఠాలో పెద్దది, నోటికీ పెద్దదే. పొట్టి కాళ్లకి ఆ బూట్లు తొడుక్కుని నడుస్తుంటే పిల్లలు వెంటబడ్డారు.

"ఏమే సుమలతా, నన్ను కోతకి తీసుకెళ్తావా, పోలీసుల్లో చేర్పిస్తావా?"

బురదలో రెండడుగులు వేసిందో లేదో, కాలు పైకొచ్చింది, బూటు రాలేదు. ఒంటికాలి మీద ఊగి, పక్కనున్నామె భుజం పట్టుకుని, ఇద్దరూ కలిసి బురదలో కూలబడ్డారు. ఆసుపత్రి ఆటో పోయిన తర్వాత ఆ ఆడవాళ్లు నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. బూట్లు వదులని, వదులు బూట్లతో బురదలో పని కాదని అందరికీ అర్థమైంది.

"కాలికి సరిపడా ఉంటే పనికొస్తాయే" అంది భాగ్యమ్మ బురద దులుపుకుంటూ. ఇందాకటి వెటకారం ఆ గొంతులో లేదు. "కాలు పెడితే లోపల ఎంత దిలాసాగా ఉందనుకున్నావు? ఇన్నేళ్లలో నేల మీద కాలు పెడుతుంటే భయం లేకపోవడం ఇదే."

"ఆయన కొననన్నాడత్తా. గుడివాడ ముఠాని పిలుస్తాడంట."

ఆఖరికి అందరూ దిగుదామనే అన్నారు. పొయ్యి వెలగాలి కదా. సుమలత కాదనలేకపోయింది. ఒక్కటి మాత్రం చెప్పింది. ఆ ఒక్క జతా తను తొడుక్కుని, వేళ్ల దగ్గర గుడ్డలు కుక్కుకుని, కర్రతో దుబ్బుల్ని కొట్టుకుంటూ ముందు నడుస్తుంది. తను తొక్కిన చోటే మిగతావాళ్లు తొక్కాలి. అది రక్షణ కాదని ఆమెకి తెలుసు. కానీ వట్టి చేతుల్తో వాళ్లని ఆ చేలోకి తీసుకెళ్లడం ఆమె వల్ల కాలేదు.

కోత రోజు మంచు విడవకముందే అందరూ గట్టు మీదున్నారు. చెప్పులు వరసగా విడిచారు. కొడవళ్లు చేతుల్లోనే ఉన్నాయి, ఇంకా ఎవరూ దిగలేదు. కోతకి ముందు రైతే చేలో దిగాలి. ఈశాన్యం మూల, తూర్పు మొహంగా నిలబడి, మొదటి గుప్పెడు ఆయన చేత్తో కోసి గట్టు మీద పెట్టాకే ముఠా కొడవలి ఆడిస్తుంది. ఆ ఊళ్లో ఎవరి చేనయినా అంతే. మల్లికార్జునరావు ఏటా ఆ పని చిటికెలో కానిచ్చి కారెక్కి వెళ్లిపోతాడు.

ఆయన వచ్చాడు. చెప్పులు విడిచాడు, పంచె ఎగ్గట్టాడు, కొడవలి అందుకుని ఈశాన్యం మూలకి నడిచాడు. ఆ మూలంతా పడిపోయిన వరే. కంకులు నీళ్ల మీద చాప పరిచినట్టున్నాయి. దుర్గని కరిచింది అక్కడే.

ఆయన కుడికాలు దింపబోయి ఆగాడు. కంకుల మధ్య ఎక్కడో చిన్న కదలిక. కప్పో, ఎలకో, గాలో. కాలు వెనక్కి తీసుకున్నాడు. రెండడుగులు పక్కకి జరిగి మళ్లీ దింపబోయాడు. పాదం నీళ్లకి జానెడు ఎత్తులో ఆగిపోయింది. దించలేదు, తియ్యలేదు.

ఆడవాళ్లందరూ చూశారు. నవ్వడానికి అందులో ఏముంది? రోజూ పొద్దున్నే వాళ్ల కాళ్లకి కలిగే సంకోచమే అది. కాకపోతే వాళ్లకి దించక తప్పదు.

ఆయన కాలు గట్టు మీద పెట్టేసి ఎండిన పడమటి వైపు చూశాడు. "అటు వైపు కోస్తే?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

"ఈశాన్యమే కదండీ బాబూ మీ తాతగారి నుంచీ" అంది భాగ్యమ్మ. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాటే చెప్పింది. అందుకే ఆయనకి ఇంకా గట్టిగా తగిలింది.

సుమలత తను తొడుక్కోవడానికి తెచ్చుకున్న బూట్లు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది.

"తొడుక్కోండి. ఏం కాదులెండి."

"చేలోకా?"

"చేలోకేనండి."

మల్లికార్జునరావు పొట్టి మనిషి. ఏడో నంబరు ఆయన కాళ్లకి చేయించినట్టు సరిపోయింది. నెమ్మదిగా దిగాడు. నీళ్లు బూటు సగానికొచ్చాయి. తూర్పుకి తిరిగి వంగాడు, గుప్పెడు కోశాడు, గింజలప్పుడే తెల్లగా నోళ్లు తెరుస్తున్నాయి. కోసినవాడు వెంటనే పైకి రాలేదు. తన కాళ్ల వంక చూసుకున్నాడు, ఆ తర్వాత తలెత్తి గట్టు వంక చూశాడు. చేలో వంగి చూస్తే గట్టు మీద నిలబడ్డవాళ్ల పాదాలే కళ్లకి ఎదురుగా ఉంటాయి. పగిలిన మడమలు, నీళ్లకి ఒరిసిన వేళ్లు, ఒకామెకి మట్టె, ఒకామెకి బొటనవేలి గోరు లేదు. ఇన్నేళ్లు వాళ్లని గట్టు మీద నుంచే చూసిన మనిషి, ఆ పాదాల్ని ఇంత దగ్గరగా అప్పుడే చూశాడు.

పైకొచ్చి, కోసిన గుప్పెడు గట్టు మీద పెట్టి, పక్కనే కూర్చున్నాడు.

"ఇవాళ కోత లేదు" అన్నాడు.

గుడివాడ ముఠా వస్తోందనుకుంది సుమలత.

"ఇవి ఏ కొట్లో కొన్నావు?"

"బందర్లో ఇబ్రహీం కొట్లోనండి" అంది, ఇంకా నమ్మకం లేకుండానే. "మాకు సరిపడేవి విజయవాడ నుంచి రావాలండి. పొద్దున చెప్తే సాయంత్రానికి వచ్చేస్తాయంట."

"మొలకెత్తేది ఎలాగూ ఎత్తుతోంది. ఒక్క రోజుకి కొంప మునగదులే. నంబర్లు చెప్పు."

"నంబర్లు తెలీవండి. కొలతలిస్తాం." ఆమెకి ధైర్యమొచ్చింది. వచ్చిన ధైర్యాన్ని వృథా చెయ్యలేదు. "కూలిలో కొయ్యకూడదండి."

"కొయ్యను."

"కోతలయ్యాక మళ్లీ అడగకూడదండి."

"ఆడవాళ్ల బూట్లు నేనేం చేసుకుంటానే!" అన్నాడాయన. భాగ్యమ్మ ఫక్కున నవ్వింది. దాంతో ఆయనకీ నవ్వు రాక తప్పలేదు.

ఆ తర్వాత గట్టు మీద తిరునాళ్లే. కోసిన గుప్పెట్లోంచే పరకలు లాగి, ఒక్కొక్కరూ కాలు చాపి, మడమ నుంచి బొటనవేలి దాకా పరక పెట్టి తుంచారు. నీ కాలు పెద్దదంటే నీది పెద్దదని వాదులాడుకున్నారు. భాగ్యమ్మ పరక అందరికంటే చిన్నది. నోటికి సరిపోయే కాలు దేవుడివ్వలేదని ఎవరో అన్నారు. ఆ పరకలన్నీ కట్టగట్టి సుమలత మల్లికార్జునరావు చేతికిచ్చింది. ఆయన వాటిని జేబులో పెట్టుకోబోయి ఆగాడు.

"ఇందులో దుర్గది ఏది?"

దుర్గ ఈ కోతకి రాదు, వచ్చే ఏడాదికీ రానంటోంది. రాని మనిషికి బూట్లు అడగాలని సుమలతకి తట్టనేలేదు. తట్టినా అడిగేది కాదేమో. ఆ ప్రశ్న ఆయన నోట వచ్చేసరికి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. మూడ్రోజుల నుంచి రాని ఏడుపు.

"కాలు వాచి ఉందండి" అంది ఎలాగో.

"రెండో కాలుందిగా. కారెక్కు. బందరు పోయే దారిలోనే ఆసుపత్రి."

ఆ కారు ఎప్పుడూ ఎక్కలేదు సుమలత. బురద కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక, సీటు అంచున, కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

దుర్గ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. వాపు మోకాలి నుంచి దిగింది. వేళ్లు కదుపుతోందని, కాలికి భయం లేదని డాక్టరు పొద్దున్నే చెప్పాడట. సుమలత మంచం కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, బాగున్న కాలి కింద గడ్డిపరక పెట్టింది.

"ఛీ ఛీ, నువ్వు నా కాళ్లు పట్టుకోవడమేంటక్కా" అని దుర్గ కాలు లాక్కుంది.

"ఉండవే, బూట్లకి కొలత."

"ఎవరు కొంటున్నారు?"

సుమలత గుమ్మం వైపు చూసింది. దుర్గా చూసింది. మల్లికార్జునరావు లోపలికి రాకుండా, తలుపు పక్కన, గోడకి చెయ్యానించి నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూడగానే దుర్గ అలవాటు కొద్దీ లేవబోయింది.

"పడుకోమ్మా, పడుకో" అన్నాడాయన కంగారుగా.

దుర్గ పడుకోలేదు. కాసేపు తన వాచిన కాలి వంక చూసుకుంది, నేల మీద పరక పట్టుకుని కూర్చున్న సుమలత వంక చూసింది. ముడుచుకున్న కాలు మళ్లీ మెల్లగా చాపింది.

"కాస్త వదులుగా తియ్యక్కా" అంది. "ఈ వాచిందీ పట్టాలిగా."

సుమలత వేలి చివర పరకని గోరుతో తుంచబోయి, ఇంకొంచెం వదిలి తుంచింది.